తలలో బాదంపప్పులు

పిల్లలూ! తిరువూరులో బాదంకాయను రాతితో పగలగొట్టి పప్పు తినే సరదా మీకు తెలిసిందే గదా? అలాంటి ఆకారం గలవి మీ మెదడులోనూ రెండు ఉన్నవి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. పామును చూడగానే గుండె దడదడ లాడటంలో వాటి పాత్ర చాలా ఉన్నది.

దక్షిణ కొరియా రచయిత్రి సోన్ వన్‌ప్యోంగ్ 2017లో "బాదం" అనే నవల రచించారు. అందులో యుంజే అనే కుర్రవాడికి ఈ పప్పులు పుట్టుకతోనే చిన్నవి. వాడికి భయం తెలియదు, కోపం రాదు. ఎప్పుడు నవ్వాలో, ఎప్పుడు క్షమించమనాలో తల్లి ఎక్కాల్లాగా వల్లె వేయించేది. బాదంపప్పు తింటే తలలోవి పెరుగుతాయని కూడా ఆశపడేది, పాపం!

మనసులో కదిలేదానికి మాట దొరకనివారు నిజంగానే ఉన్నారు. 1973లో సిఫ్నియోస్ అనే వైద్యుడు దీనిని అలెక్సితిమియా అన్నాడు. అటువంటి వాళ్ళు మీ తరగతిలోనూ ఉండవచ్చు.

బడిలో అందరికీ యుంజే ఒక వింత జంతువు. గోన్ అనే పెంకిఘటం వాణ్ణి కొట్టి ఏడిపించబోయాడు, వాడు ఏడవలేదు. ఆశ్చర్యపడి గోన్ వాడి పుస్తకాల కొట్టుకు రాసాగాడు. స్నేహం కుదిరింది. ఒకనాడు యుంజేకు జాలి నేర్పుతానని గోన్ సీతాకోకచిలుక రెక్కలు తుంచాడు. యుంజే ఊరికే చూస్తూ నిలబడ్డాడు. చూడలేక విలవిలలాడినది గోనే!