ఒకటి పేలాక రెండోది

అమెరికాలో పికప్ బండి వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఇంటిని ట్రావెల్ ట్రైలర్ అంటారు. మంచాలు, వంటగది, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు అన్నీ ఉంటాయి. ఇంజనూ స్టీరింగూ మాత్రం ఉండవు. ట్రైలర్లున్నవాళ్లు నలుగురు కలిస్తే మాట టైర్ల మీదికి మళ్లుతుంది. నడివేసవిలో ఒకటి పేలుతుంది, కొత్తది వేయిస్తారు, కొద్ది రోజులకే అదే పక్కన రెండోది పోతుంది. మేకు దిగిన గుర్తుండదు. టైరు గుండైందీ లేదు, ట్రెడ్ కొత్తదానిలాగే ఉంటుంది. విసిగిపోయి వీటికి ‘చైనా బాంబులు’ అని పేరు పెట్టుకున్నారు. తిట్టుకోవడానికి బాగుంది గానీ, తప్పంతా ఫ్యాక్టరీ మీదికి నెట్టేసి మిగతావాళ్లందర్నీ వదిలేసే పేరు అది.

ఎందుకు పేలుతుందో తెలియాలంటే టైరును ఎలా కడతారో చూడాలి. గాలి నింపిన టైరుకు మొదట పేటెంటు తీసుకున్నది స్కాట్లాండ్ ఇంజనీరు రాబర్ట్ విలియం థామ్సన్, 1845లో. కార్లు లేని కాలం, ఎవరికీ పట్టలేదు. బెల్‌ఫాస్ట్‌లోని పశువుల డాక్టరు జాన్ బాయిడ్ డన్‌లప్ కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం మళ్లీ కనిపెట్టి 1888లో పేటెంటు తీసుకున్నాకే టైరు దశ తిరిగింది. ఆ తర్వాత చాలాకాలం దారాల పొరలను ఏటవాలుగా, ఒకదానికొకటి అడ్డంగా పేర్చి టైరు కట్టారు. మన ట్రాక్టరు ట్రక్కుల కింద కనిపించే నైలాన్ టైర్లది ఆ వంశమే. 1946లో మిషలిన్ పేటెంటు తీసుకున్న రేడియల్ ఈ అల్లికను మార్చేసింది. దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నేరుగా వెళ్తాయి. వాటిపైన, ట్రెడ్ కింద, ఉక్కు తీగల బెల్టులు చుడతారు.

బతికించేదీ చంపేదీ ఈ బెల్టులే. రబ్బరు అంటుకోవాలని ఉక్కు తీగకు ఇత్తడి పూత పూస్తారు. కానీ బెల్టును వెడల్పుకు కోసినప్పుడు ప్రతి తీగ చివరా బోడి ఉక్కు బయటపడుతుంది. అక్కడ రబ్బరు పట్టదు. టైరు దొర్లుతున్నంతసేపూ ఆ అంచుల్లో రబ్బరు లాగబడుతూ, వదులవుతూ ఉంటుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే వేడెక్కినట్టే ఇదీ వేడెక్కుతుంది. ఆ వేడికి తోడు లోపలి గాలిలోని ఆక్సిజన్ రబ్బరులోకి ఇంకి, దాన్ని పెళుసు చేస్తుంది. తీగ చివర పుట్టిన బీట రెండు బెల్టుల మధ్య మెల్లగా పాకుతుంది. పై నుంచి చూస్తే ఏమీ తెలియదు.

కారు టైరుకూ ఇదే కట్టడం కదా, మరి అది ఎందుకు నిలుస్తోంది? చాలా ట్రైలర్లకు రెండు ఇరుసులు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఏ చక్రమూ పక్కకు తిరగదు. పెట్రోలు బంకులో బండిని గట్టిగా మలుపు తిప్పినప్పుడు పక్కన నిలబడి చూడండి. ముందు టైరు ఒక వైపుకూ వెనక టైరు ఇంకో వైపుకూ ఈడ్చుకుపోతాయి. ట్రెడ్ నేలను పట్టుకుని అక్కడే ఉంటుంది, రిమ్ము పక్కకు జరిగిపోతుంది, మధ్యలో సైడ్‌వాల్ మెలిపడి ఉబ్బుతుంది. ఆ మెలికంతా బెల్టు అంచుల మీదే పడుతుంది.

ఇక మోత సంగతి. సైడ్‌వాల్ మీద ‘ఎస్‌టీ’ అని ఉండే ట్రైలర్ టైరుకు అదే సైజు కారు టైరు కన్నా ఎక్కువ బరువు రాస్తారు. దానికి బదులు వేగం గంటకు 65 మైళ్లు దాటకూడదన్నది పాత ఒప్పందం. టెక్సస్ 130వ నంబరు రోడ్డు మీద బోర్డేమో 85 మైళ్లు అంటుంది. 15 అంగుళాల రిమ్ముకు వేసే 225/75 సైజు ‘డి’ రకం టైరు 65 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి దగ్గర 2,540 పౌండ్లు మోస్తుంది. రెండింటికి 5,080. కొన్ని ట్రైలర్ల ఇరుసు లేబుల్ మీదా అచ్చం 5,080 అనే ఉంటుంది! పిసరంత మిగులు లేదు. పైగా ఫ్రిజ్, వంటగది ఒకే పక్కన ఉంటే ఆ పక్క చక్రాలకు సగం కన్నా ఎక్కువే పడుతుంది. అందుకే ఇరుసుల బరువు తూచితే చాలదు, ఒక్కో చక్రం కింద విడిగా తూకం వేయించాలి.

2000లో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కార్ల కింద ట్రెడ్ ఊడిపోయి బండ్లు బోల్తా పడుతుంటే టైర్ల కంపెనీ ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిపించింది. అదే ఏడాది అమెరికా కొత్త చట్టం చేసింది. దాని ఫలితంగా 2007 నాటికి కొత్త కార్లన్నిటిలో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరైంది. కారు రేడియళ్లకు 139వ నంబరు ప్రమాణం కింద గట్టి పరీక్షలు వచ్చాయి. ట్రైలర్ టైర్లను మాత్రం రెండింటి నుంచీ తప్పించారు. వాటికి 1970ల నాటి 119వ ప్రమాణమే దిక్కు. నా దృష్టిలో ‘బాంబు’ తయారీలో పెద్ద వాటా ఈ మినహాయింపుదే.

డ్రైవరుకు వెనక ఏం జరుగుతోందో తెలియదు. ఒక టైరులో గాలి దిగిపోతే, అది మోయాల్సిన బరువులో చాలా భాగం పక్క టైరు మీద పడుతుంది. అప్పటికే అంచు మీదున్న ఆ టైరు హైవే వేగంతో అలాగే పరుగెత్తుతుంది. ట్రెడ్ ఊడి చక్రాల గూడునూ గ్యాసు గొట్టాన్నీ చీల్చాక గానీ బండి ఆగదు. చచ్చిన టైరును మారుస్తారు, దాని మోత మోసి లోపల దెబ్బతిన్న జంట టైరును బాగానే ఉంది కదా అని ఉంచేస్తారు. తర్వాతి వంతు దానిదే. కాబట్టి ఒకటి పేలితే ఆ పక్క రెండూ మార్చడమే లెక్క. వీలైతే ఒక మెట్టు పైది, 80 పీఎస్‌ఐ దగ్గర 2,830 పౌండ్లు మోసే ‘ఇ’ రకం వేయించాలి. రిమ్మూ వాల్వూ అంత గాలి తట్టుకుంటాయో లేదో ముందే చూసుకోవాలి. గాలి కొట్టించేది పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు. వాల్వుకు బిగించే సెన్సర్లు ఇప్పుడు విడిగా దొరుకుతున్నాయి, వాటికి పెట్టిన డబ్బు వృథా కాదు.

లోపలి బీటను కనిపెట్టే మార్గం ఒకటుంది, ఖర్చు లేనిది. జాకీ వేసి చక్రం లేపి, ట్రెడ్‌కు తాకీ తాకనట్టుగా స్క్రూడ్రైవర్ మొన కదలకుండా నిలిపి, చేత్తో మెల్లగా తిప్పాలి. అంతా ఒకే దూరంలో తిరిగితే సరే. ఒక చోట ట్రెడ్ ఉబ్బి మొనకు తగిలినా, గాడి పాములా పక్కకు వంకర తిరిగినా బెల్టు విడిపోతున్నట్టే. ఆ టైరును స్టెప్నీగా కూడా ఉంచుకోకూడదు.