బంతి జారింది - తప్పెవరిది?

పిల్లలూ! బడి వదిలాక మీరు క్రికెట్ ఆడుతూనే ఉంటారు గదా. ఒక బంతి గాలిలోకి లేచిందనుకోండి. ఒక ఫీల్డరు ఇరవై గజాలు పరుగెత్తి వెళ్లి చేతులు చాచాడు. బంతి వేళ్లకు తగిలి జారిపోయింది. తరువాతి ఓవరులో ఇంకో బంతి ఇంకో ఫీల్డరు వైపు లేచింది. నాలుగడుగులు వేస్తే అందుతుంది. కాని వాడు నిలుచున్నచోటి నుంచి కదలలేదు. బంతి నేలమీద పడింది. ఈ ఇద్దరిలో తప్పు చేసినవాడెవడు?

"మొదటివాడే, క్యాచ్ వదిలేశాడు" అని మీలో చాలామంది అంటారు. తొందరపడకండి. ఈ చిన్న ప్రశ్న అమెరికాలో నూరేళ్లకు పైగా నలుగుతూ ఉంది. వీడియో ఆటలు తయారుచేసేవారికి కూడా ఇది చిక్కు ప్రశ్నే.

తప్పులకు ఒక గడి

మా కొండపల్లికి దగ్గరలో మూలపాడు మైదానం ఉంది. 2016 నవంబరులో భారత, వెస్టిండీస్ మహిళా జట్లు అక్కడ పోటీపడ్డాయి. అంత పెద్ద పోటీలోనైనా క్రికెట్ స్కోరు పుస్తకంలో పరుగులు, వికెట్లు, వైడ్లు, బైలు వంటివే రాస్తారు. వదిలేసిన క్యాచ్‌కు అందులో గడి లేదు.

బేస్‌బాల్‌లో ఉంది! అమెరికా వారికి ప్రీతిపాత్రమైన ఈ ఆటకు స్కోరు పట్టిక తయారుచేసినవారిలో ముఖ్యుడు హెన్రీ చాడ్విక్. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈ విలేఖరి మొదట క్రికెట్ వార్తలు రాసేవాడు. క్రికెట్ పట్టికను చూసే 19వ శతాబ్దం మధ్యలో బేస్‌బాల్‌కు పట్టిక కట్టాడు. ఈనాటికీ బేస్‌బాల్ స్కోరు బోర్డుమీద మూడు గడులు కనిపిస్తాయి: పరుగులు, హిట్లు, ఎర్రర్లు. బ్యాటరు తన దెబ్బ బలంతో బేస్ చేరితే అది హిట్. ఫీల్డరు పొరపాటు వల్ల చేరితే అది ఎర్రర్, అంటే తప్పు. తప్పు అని రాస్తే బ్యాటరు సగటు పెరగదు. దానివల్ల వచ్చిన పరుగు బంతి వేసినవాడి లెక్కలోకి పోదు. ఒక్క మాటతో ముగ్గురి లెక్కలు మారిపోతాయి.

ఆ మాట చెప్పేవాడు అంపైరు కాదు. అధికార స్కోరరు అని వేరే మనిషి ఉంటాడు. నియమం ఏమిటంటే - ఆ స్థానంలో ఆడే సగటు ఆటగాడు మామూలు ప్రయత్నంతో చేయగలిగిన పని చేయలేకపోతే అది తప్పు. నేల ఎలా ఉంది, వాతావరణం ఎలా ఉంది అన్నవి కూడా చూడాలి. ఇంకొక విశేషం. ఫీల్డరు బంతిని తాకకపోయినా తప్పు రాయవచ్చు!

1941లో జో డిమాజియో అనే ఆటగాడు వరుసగా 56 మ్యాచ్‌లలో హిట్ కొట్టి చరిత్రకెక్కాడు. అందులో 30వ మ్యాచ్‌లో అతడు కొట్టిన బంతి నేలమీద వంకరగా లేచి ఫీల్డరు భుజానికి తగిలింది. హిట్టా, తప్పా? స్కోరరు హిట్ అన్నాడు. తప్పు అని ఉంటే ఆ వరుస 29 దగ్గరే తెగిపోయేది.

యంత్రానికి ఎలా చెప్పాలి?

ఇప్పుడు ఇదే ఆట కంప్యూటరులోకి వచ్చిందనుకోండి. 1983లోనే జపానులో నింటెండో సంస్థ బేస్‌బాల్ వీడియో ఆటను అమ్మకానికి పెట్టింది. వీడియో ఆటలో స్టేడియం, బంతి, ఆటగాళ్లు అన్నీ అంకెలే. బంతి వేగం ఎంత, ఫీల్డరు ఎంత దూరంలో ఉన్నాడు అన్నది కంప్యూటరుకు క్షణక్షణం తెలుసు. కూడికలో అది పొరబడదు. కాని "మామూలు ప్రయత్నం" అంటే దానికి ఏం తెలుసు? ప్రోగ్రాం రాసేవారు ఆ మాటను అంకెల్లోకి మార్చి చెప్పాలి.

ఒకరు ఇలా రాశారనుకుందాం: "బంతి చేతి తొడుగుకు తగిలి కింద పడితే తప్పు. తగలకపోతే హిట్." చూడటానికి చక్కని నియమమే. మన ఇద్దరు ఫీల్డర్లను దీని ముందు నిలబెట్టండి. ఇరవై గజాలు పరుగెత్తినవాడికి తప్పు పడింది. కదలనివాడికి ఏమీ పడలేదు! యంత్రం చెప్పినట్లే చేసింది. పొరపాటు చెప్పడంలో ఉంది.

ఈ చిక్కు నిజమైన ఆటనూ వదలలేదు. 2015 నుంచి అమెరికా పెద్ద లీగు మైదానాలన్నిటిలో కొలత పరికరాలు బంతినీ ఆటగాళ్లనూ కొలుస్తున్నాయి. ఎంత దూరం, ఎంత వ్యవధి అన్నవి చూసి ఆ క్యాచ్ అందే అవకాశం నూటికి ఎంతో లెక్కకడుతున్నాయి. అయినా హిట్టా, తప్పా అని రాసేది ఇప్పటికీ మనిషే.

నా స్కోరు పుస్తకం

యంత్రాన్ని నిందించే ముందు నా సంగతి చెప్పాలి. పాతికేళ్ల కిందట ఒక బడిలో పిల్లల క్రికెట్ జట్టుకు నేను స్కోరరును. ఉత్సాహం కొద్దీ పుస్తకం చివర "వదిలిన క్యాచ్‌లు" అని ఒక గడి గీశాను. నెలాఖరుకు ఒక కుర్రవాడి పేరు ఎదుట ఐదు గీతలు ఉన్నాయి. మిగతావారికి ఒకటో, రెండో. అందరి ముందు ఆ పట్టిక చదివాను. మరునాటి నుంచి ఆ అబ్బాయి ఆటకు రాలేదు.

చాలా రోజుల తరువాత ఆ పుస్తకాన్ని మళ్లీ తిరగేశాను. జట్టులో అందరికన్నా ఎక్కువ క్యాచ్‌లు పట్టినవాడూ అతడే! ఎవరికీ అందని బంతుల దగ్గరకు వెళ్లేవాడు కనుక కొన్ని జారాయి. నేను జారినవి లెక్కపెట్టాను, చేరినవి లెక్కపెట్టలేదు. కబురు చేశాను గాని అప్పటికే వాళ్ల కుటుంబం ఊరు మారింది.

లెక్క వేసి చూడండి

సీను, రాము అనే ఇద్దరి వైపు చెరి 100 బంతులు వచ్చాయి. సీను 80 బంతులను చేరుకుని 8 వదిలాడు. రాము 50 చేరుకుని 2 వదిలాడు. చేరుకున్నవాటిలో పట్టినవి సీనుకు నూటికి 90, రాముకు నూటికి 96. రామే మేలు అనిపిస్తుంది. కాని సీను పట్టినవి 72, రాము పట్టినవి 48. ఇప్పుడు మీ జట్టులోకి ఎవరిని తీసుకుంటారు?

ఈ సంగతిని గట్టిగా చెప్పినవాడు బిల్ జేమ్స్. ఒక కర్మాగారంలో రాత్రి కాపలా ఉద్యోగం చేస్తూ, 1977 నుంచి బేస్‌బాల్ అంకెలమీద పుస్తకాలు వెలువరించాడు. ఫీల్డరు ఎన్ని తప్పులు చేశాడని కాక, ఒక్కొక్క ఆటలో ఎంతమందిని ఔట్ చేయడంలో పాలుపంచుకున్నాడో చూడమన్నాడు.

మీరూ ఒక ప్రయోగం చేయండి. ఈ ఆదివారం మీ ఆటకు ఇద్దరు స్కోరర్లను పెట్టండి. ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ప్రతి బంతికీ "పట్టవలసింది", "కష్టమైనది" అని విడివిడిగా రాయమనండి. ఆట అయ్యాక రెండు కాగితాలూ పోల్చండి. పరుగుల లెక్క కలుస్తుంది. తీర్పులు ఎన్ని కలిశాయో చూడండి. కలవనిచోట ఇద్దరూ కూర్చుని ఒక నియమం రాయండి. రాసిన నియమాన్ని వచ్చే ఆదివారం పరీక్షించండి. వీడియో ఆటకు ప్రోగ్రాం రాసేవారి పని ఇలాగే మొదలవుతుంది.

ఒక్క మాట మాత్రం మరువకండి. మీ పట్టికలో "జారినవి" అని ఒక గడి గీస్తే, దాని పక్కనే "చేరుకున్నవి" అని మరో గడి తప్పక గీయండి.