మీకు తెలుసా? పిల్లల సినిమాలో కథానాయకుడికి మరణదండన!

సికింద్రాబాద్‌లోని తిరుమలగిరిలో 1934 డిసెంబరు 14న పుట్టిన దర్శకుడు శ్యామ్ బెనగల్, 1975లో బాలల చలనచిత్ర సమితి కోసం 'చరణ్‌దాస్ చోర్' తీశారు. విజయ్‌దాన్ దేథా రాసిన రాజస్థానీ జానపద కథను హబీబ్ తన్వీర్ ఛత్తీస్‌గఢ్ కళాకారులతో నాటకంగా మలిచారు. ఈ సినిమాకు మూలం అదే. నటి స్మితా పాటిల్ తొలి చిత్రం కూడా ఇదే.

చరణ్‌దాస్ దొంగ. అబద్ధమాడనని గురువుకు మాటిస్తాడు. బంగారు పళ్లెంలో తినను, ఏనుగెక్కి ఊరేగను, రాణిని పెళ్లాడను, రాజ్యం ఏలను అని సరదాగా మరో నాలుగు ఒట్లు పెట్టుకుంటాడు. తీరా అవన్నీ నిజంగానే ఎదురొస్తాయి! రాణి మనసిచ్చినా కాదంటాడు. కనీసం తనను కాదన్న సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆమె వేడుకుంటుంది. అబద్ధమాడలేని మనిషి దానికీ ఒప్పుకోడు. ప్రాణం పోగొట్టుకుంటాడు.

'పాతాళభైరవి' (1951)లో నేపాళ మాంత్రికుడు చస్తాడు, తోటరాముడు గెలుస్తాడు. మన జానపద చిత్రాలకు అలవాటైన ముగింపు అది. అందుకు భిన్నంగా, నవ్విస్తూ సాగే కథలో మంచివాడే బలైపోవడాన్ని పిల్లల ముందుంచిన బెనగల్ ధైర్యం అబ్బురపరుస్తుంది. పిల్లలకు ఈ చిత్రాన్ని తప్పక చూపించండి, పక్కనే కూర్చుని.