తలసేమియా బాధితులకు దంత సంరక్షణా చికిత్సలో భాగమే

తలసేమియా మేజర్ తల్లిదండ్రులిద్దరి నుంచి బిడ్డకు సంక్రమించే రక్తవ్యాధి. శరీరం తగినంత హిమోగ్లోబిన్‌ను తయారు చేసుకోలేనందున బాధితులకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించవలసి ఉంటుంది. ప్రతి యూనిట్ రక్తంతో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము శరీరంలో చేరుతుంది. సహజంగా బయటకు పోయేది మాత్రం రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములే. మిగిలినది గుండె, కాలేయం, వినాళ గ్రంథులలో పేరుకుపోయి ప్రాణాపాయానికి దారితీస్తుంది.

ఈ ఇనుమును మందులతో తొలగించే విధానమే కీలేషన్ చికిత్స. డెఫెరాక్సమిన్‌ను చిన్న పంపు సహాయంతో చర్మం కిందికి 8 నుంచి 12 గంటలపాటు, వారానికి కనీసం ఐదు రోజులు ఎక్కించాలి. డెఫెరిప్రోన్, డెఫెరాసిరాక్స్ మందులను నోటి ద్వారా తీసుకోవచ్చు.

పిప్పి పళ్లు ఎందుకు?

తలసేమియా బాలబాలికలలో దంతక్షయం అధికమని పలు అధ్యయనాలలో వెల్లడైంది. ఎముక మజ్జ విస్తరించి పై దవడ ముందుకు పొడుచుకు రావడంతో కొందరు నోటితో గాలి పీలుస్తారు. ఫలితంగా నోరు పొడిబారుతుంది. ఆసుపత్రుల చుట్టూ తిరిగే కుటుంబాలు పంటి సమస్యను వాయిదా వేయడం మరొక ముఖ్య కారణం.

నిర్లక్ష్యం ప్రమాదకరం

ప్లీహం తొలగించిన వారిలో పంటి ఇన్ఫెక్షన్ రక్తంలోకి వ్యాపిస్తే ప్రాణాల మీదికి రావచ్చు. డెఫెరిప్రోన్ వాడేవారిలో అరుదుగా తెల్ల రక్తకణాలు తీవ్రంగా పడిపోతాయి. జ్వరం, గొంతునొప్పి, నోటిపుండ్లు దీనికి సంకేతాలు. వీటిని మామూలు నోటిపూతగా భావించి ఇంటి వైద్యంతో సరిపెట్టరాదు. వెంటనే ఆ మందు ఆపి, అదే రోజు వైద్యుని సంప్రదించి రక్తపరీక్ష చేయించాలి. డెఫెరాసిరాక్స్ వాడేవారు పంటినొప్పికి ఐబుప్రొఫెన్ వంటి మాత్రలను సొంతంగా వాడితే జీర్ణాశయంలో రక్తస్రావమయ్యే ముప్పు పెరుగుతుంది.

తీసుకోవలసిన జాగ్రత్తలు

ఫ్లోరైడ్ టూత్‌పేస్ట్‌తో రోజుకు రెండుసార్లు పళ్లు తోముకోవాలి. ఆరు నెలలకోసారి దంత పరీక్ష చేయించుకోవాలి. వాడుతున్న మందుల వివరాలను దంతవైద్యునికి ముందుగా తెలపాలి. పన్ను తీయించవలసి వస్తే రక్తం ఎక్కించిన వెంటనే వచ్చే రోజులు అనువైనవి. రక్తం ఎక్కించే రోజునే, అదే ప్రాంగణంలో దంత పరీక్ష జరిగేలా ఆసుపత్రులు ఏర్పాటు చేస్తే, కూలి మానుకుని దూరప్రాంతాల నుంచి వచ్చే తల్లిదండ్రులకు మరొక ప్రయాణం తప్పుతుంది, చిన్నారులకు ప్రమాదమూ తగ్గుతుంది.