ర్యామ్ ఎంత, ఎన్ని స్టిక్కులుగా?

సికింద్రాబాద్‌ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లోనో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోవడానికి వెళ్లినవారికి ఒక సలహా ఎదురవుతూ ఉంటుంది. "ఇప్పటికి ఒక్క స్టిక్ వేయిద్దాం, కావాలంటే తర్వాత ఇంకోటి పెట్టుకోవచ్చు." ఏదైనా విడతలవారీగా అమర్చుకునే మన ఇళ్లలో ఈ మాట సబబుగానే తోస్తుంది. కానీ అదే యంత్రం మీద ఆటలూ ఆడాలి, వీడియోలూ ఎడిట్ చేయాలి అనుకునేవారికి ఇది చివరికి ఖరీదైన సలహా కావచ్చు. కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీతో 2025 చివర్లో మెమరీ ధరలు బాగా పెరిగాక, తప్పు చేసి దిద్దుకోవడం మరీ భారం.

ముందు ఎంత కావాలో చూద్దాం. 4కె వీడియోలో ఒక్కో ఫ్రేముకు 3840 × 2160, అంటే దాదాపు 83 లక్షల చుక్కలు. డిస్కులో ఉన్నప్పుడు ఫైలు కుదించి ఉంటుంది కాబట్టి చిన్నదిగా కనిపిస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని విప్పి ర్యామ్‌లో పరిచినప్పుడు అసలు పరిమాణం బయటపడుతుంది. చుక్కకు 4 బైట్లు వేసుకున్నా ఫ్రేముకు 33 మెగాబైట్లు. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్క సెకను వీడియోకే దాదాపు 1 జీబీ. రంగుల సవరణకు ఒక్కో రంగును 32 బిట్లతో లెక్కించమంటే అదే సెకనుకు దాదాపు 4 జీబీ అవుతుంది. ఎఫెక్టులు వేసిన ముక్కను పది సెకన్లు ఆగకుండా చూసుకోవాలన్నా 16 జీబీ ఎందుకు చాలదో దీన్నిబట్టే తెలుస్తుంది. ర్యామ్ నిండిపోతే కంప్యూటర్ ఎస్‌ఎస్‌డీని అరువు తెచ్చుకుంటుంది. అక్కడి నుంచి సమాచారం రావడానికి ర్యామ్ కన్నా వందల రెట్లు ఎక్కువ సమయం పడుతుంది.

నా అంచనాలో ఆటలకూ, మామూలు ఎడిటింగ్‌కూ 32 జీబీ చాలు. 4కెలో ఎఫెక్టుల పని రోజూ ఉంటే 64 జీబీ కావాలి.

ఇక ఆ 32 జీబీని ఒక్క స్టిక్‌గా కొనాలా, రెండుగానా? మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్ నుంచి మెమరీకి రెండు దారులుంటాయి. వీటినే చానళ్లు అంటారు. ఒక్కో దారి 64 బిట్ల వెడల్పు, అంటే ఒక్కసారికి 8 బైట్లు. డీడీఆర్5-6000 రకం మెమరీ సెకనుకు 600 కోట్ల సార్లు అందిస్తుంది కాబట్టి ఒక దారిలో సెకనుకు 48 జీబీ, రెండింటిలో కలిపి 96 జీబీ ప్రవహించగలదు. ఒక్క స్టిక్ పెడితే రెండో దారి ఖాళీగా పడి ఉంటుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాల్లో దీని దెబ్బ ఎక్కువ. అక్కడ తెరమీది బొమ్మకు కూడా ఈ ర్యామే దిక్కు. కార్డు ఉంటే తేడా ఆటను బట్టి మారుతుంది. (డీడీఆర్5 స్టిక్‌లో లోపల రెండు 32 బిట్ల భాగాలుంటాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటిని చూపించినంత మాత్రాన ఒక్క స్టిక్‌తో రెండు చానళ్లు వచ్చినట్టు కాదు.)

మరి రెండుతో మొదలుపెట్టి, తర్వాత నాలుగు చేసుకుంటే? చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ వేగంలో ఒక్కో బిట్ తీగ మీద ఉండేది సెకనులో 600 కోట్ల వంతు మాత్రమే. ఆ వ్యవధిలో మదర్‌బోర్డు మీద సంకేతం కదిలేది సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఒకే తీగకు రెండు స్టిక్కులు తగిలిస్తే సంకేతం కొంత వెనక్కి ప్రతిఫలించి, వెనకాల వస్తున్న బిట్‌తో కలగలిసిపోతుంది. అందుకని వేగం తగ్గించక తప్పదు. ఏఎండీ రైజెన్ 7000 వరుస ప్రాసెసర్లకు సంస్థ అధికారికంగా చెప్పిన వేగం రెండు స్టిక్కులతో 5200. నాలుగైతే 3600! కొందరికి అంతకన్నా ఎక్కువే రావచ్చు, కానీ అది అదృష్టం. కాబట్టి డీడీఆర్5తో ఎంత కావాలో మొదటి రోజే తేల్చుకుని, రెండు స్టిక్కుల కిట్‌గా కొనడం మేలు. నాలుగు స్లాట్ల బోర్డుల్లో చాలావాటికి ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లు వాడాలి. తీగ చివర ఖాళీగా వదిలితే అక్కడా ప్రతిఫలనమే. బోర్డు పుస్తకంలో ఒకసారి చూసుకోండి.

వేగం అంకె పెద్దదైనకొద్దీ అన్నీ పెరుగుతాయనుకోవద్దు. సీఎల్30 అని ఉన్న డీడీఆర్5-6000 అడిగిన సమాచారాన్ని ఇవ్వడం మొదలుపెట్టడానికి 30 గడియార స్పందనలు, అంటే 10 నానోసెకన్లు తీసుకుంటుంది. పాత డీడీఆర్4-3200 సీఎల్16కూ సరిగ్గా అంతే. పెరిగింది ధార మాత్రమే.

డబ్బా మీద 6000 అని ఉన్న స్టిక్కులు కూడా మొదట చాలావరకు 4800 వద్దే నడుస్తాయి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే ప్రొఫైల్‌ను ఆన్ చేయాలి. ఇంటికి తెచ్చాక విండోస్ టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి వేగం చూడండి. అక్కడ 4800 కనిపిస్తే ఆ పని ఇంకా మిగిలే ఉంది.