ప్రతి వాక్యానికీ ఒక కాగితం

లాయరంటే నూజివీడు వైపు ఊళ్లలో మనకు తట్టేది పొలం తగాదా, కోర్టు వాయిదా. క్యాపిటల్ మార్కెట్స్ లాయరు పని వేరు. ఒక కంపెనీ తొలిసారి జనానికి షేర్లు అమ్మేటప్పుడు తన గురించి చెప్పుకునే ప్రతి మాటా నిజమేనా అని చూడటం ఈ లాయరు బాధ్యత. ఆ ఉద్యోగంలో చేరబోయే పిల్లలు ఏం నేర్చుకుని వెళ్లాలి?

మన ఊరి పేరు పెట్టుకున్న కంపెనీనే చూద్దాం. 1973లో మొదలైన నూజివీడు సీడ్స్ పబ్లిక్ ఇష్యూకని 2015లో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీకి ముసాయిదా ప్రాస్పెక్టస్ (షేర్లు అమ్మే ముందు కంపెనీ తన వివరాలు చెప్పే పత్రం) ఇచ్చింది. బీటీ పత్తి విత్తనాల కోసం దానికి మహికో మోన్‌శాంటోతో లైసెన్సు ఒప్పందం ఉండేది. ఫీజుల దగ్గర తగాదా వచ్చి, అదే ఏడాది నవంబరులో మహికో మోన్‌శాంటో ఒప్పందాన్ని రద్దు చేసింది. ఆ విత్తనాల సాంకేతికత మీద పేటెంటు వ్యాజ్యం కూడా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021లో రాజీ కుదిరింది. ఆ పబ్లిక్ ఇష్యూ మాత్రం రాలేదు.

ఇలాంటి కంపెనీ షేరు కొనేవారికి లాభాల లెక్క ఒక్కటే చాలదు. ఏ ఒప్పందం పోతే వ్యాపారం దెబ్బతింటుందో, ఏ కేసు ఎక్కడ నడుస్తోందో కూడా తెలియాలి. అందుకే ప్రాస్పెక్టస్‌లో రిస్కులకూ, కోర్టు కేసులకూ విడిగా అధ్యాయాలుంటాయి.

జూనియర్ల పని అక్కడే మొదలవుతుంది. ఒప్పందాలు, లైసెన్సులు, బోర్డు తీర్మానాలు, అప్పు పత్రాలు చదవాలి. ‘మాకు ఇన్ని గోదాములున్నాయి’ అని రాస్తే లీజు పత్రాలు చూపమనాలి. ‘మేమే అగ్రగాములం’ అంటే ఆధారం అడగాలి. కాగితం దొరకని వాక్యాన్ని మార్చాలి, లేదా కొట్టేయాలి. పైవరస మామిడికాయలు మాత్రమే చూసి పెట్టె కొనని వ్యాపారిలా అడుగుదాకా చూడాలి.

తప్పుడు ప్రాస్పెక్టస్‌కు 2013 కంపెనీల చట్టంలో 34వ సెక్షన్ కింద క్రిమినల్ శిక్ష, 35వ సెక్షన్ కింద నష్టపరిహారం ఉన్నాయి. చేరేముందు ఈ రెండింటితో పాటు ప్రాస్పెక్టస్‌లో ఏముండాలో చెప్పే 26వ సెక్షన్, పబ్లిక్ ఇష్యూల మీద సెబీ 2018 ఐసీడీఆర్ నిబంధనలు చదవాలి. ముసాయిదా ప్రాస్పెక్టస్‌లు సెబీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెలిసిన వ్యాపారానిది ఒకటి తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదవండి. బ్యాలెన్స్ షీటు చదవడం నేర్చుకోండి. ఇంగ్లిష్‌లో చిన్న వాక్యం రాయడం సాధన చేయండి. అర్థం కానిది సీనియర్‌ని అడగడానికి మొహమాటపడొద్దు.

అంకె తప్పయితే ఏమవుతుందో తెలుగువాళ్లం 2009 జనవరి 7న చూశాం. సత్యం కంప్యూటర్స్ పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేవని దాని అధిపతే ఒప్పుకున్నారు. ఆ షేర్లు నమ్ముకున్న ఎన్నో కుటుంబాలు నష్టపోయాయి. ప్రాస్పెక్టస్ మొత్తం చదివే తీరిక మామూలు మదుపరికి ఉండదు. తన బదులు ఎవరో శ్రద్ధగా చదివారన్న నమ్మకంతోనే డబ్బు పెడతాడు. ఆ చదివేవాళ్లలో తొలి మనిషి ఈ జూనియరే. అందుకే ఈ పనిని గుమాస్తా పనిగా తక్కువ చేసి చూడకండి.