వెడల్పు టైర్ల మోజు: లెక్క తప్పితే ముప్పు

నరసరావుపేట: పిడుగురాళ్ళ నుంచి వచ్చే రోడ్డు పక్కన ఒక టైర్ల దుకాణం ముందు గత వారం ఎర్ర రంగు స్విఫ్ట్ కారొకటి ఆగింది. ముందు ఎడమ చక్రం రిమ్ము అరచేయంత మేర లోపలికి వంగిపోయి వుంది. టైరు పక్క భాగాన నిమ్మకాయంత బుడగ లేచింది. కారు యజమాని పాతికేళ్ళ యువకుడు. ముందు రోజు రాత్రి తల్లినీ, నెలలు నిండిన అక్కనూ ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకువస్తుండగా చక్రం గోతిలో పడిందట.

"పెద్ద గొయ్యి కూడా కాదండీ, రోజూ దాటే గొయ్యే" అన్నాడతను.

దాటిన మాట నిజమే. అయితే అప్పుడు కారుకు వున్నవి కంపెనీ టైర్లు. రెండు నెలల క్రితం వాటిని తీసేసి, స్పోర్ట్స్ కారులా కనిపించాలని 17 అంగుళాల అలాయ్ చక్రాలు, వాటి మీద 205/40 టైర్లు వేయించాడు. స్నేహితులు మెచ్చుకున్నారు. గొయ్యి మెచ్చుకోలేదు.

పల్నాడు జిల్లాలో ఈ మోజు ఇప్పుడు పట్టణాలు దాటి మండల కేంద్రాలకు పాకింది. కొన్నది సెకండ్ హ్యాండు కారైనా మొదటి ఖర్చు చక్రాల మీదే. వేసేవాళ్ళు వేస్తున్నారు, వేయించుకునేవాళ్ళు వేయించుకుంటున్నారు. టైరు మీద రాసి వున్న అంకెలు మాత్రం చదివేవాళ్ళు తక్కువ.

అదేమంత పెద్ద విద్య కాదు. పై రకం స్విఫ్ట్‌కు కంపెనీ ఇచ్చే సైజు 185/65 ఆర్15. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది పక్క గోడ ఎత్తు, ఆ వెడల్పులో నూటికి 65 వంతులు, అంటే 120 మిల్లీమీటర్లు. "ఆర్" అంటే రేడియల్. 15 అంటే రిమ్ము అడ్డుకొలత, అంగుళాల్లో. అంగుళానికి 25.4 మిల్లీమీటర్ల చొప్పున రిమ్ము కొలత కట్టి, పక్క గోడను రెండుసార్లు కలిపితే మొత్తం చక్రం ఎత్తు 621 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. టైరు మార్చేటప్పుడు చూడవలసిన మొదటి అంకె ఇదే. రిమ్ము ఎంత పెరిగినా మొత్తం ఎత్తు మారకూడదు. మారినా రెండు శాతం లోపే వుండాలని టైర్ల పని తెలిసినవాళ్ళు చెబుతారు.

ఆ కంపెనీ చేసిందీ అదే. చిన్న రకం స్విఫ్ట్‌కు 165/80 ఆర్14 ఇస్తుంది. లెక్క కట్టి చూడండి, దాని ఎత్తు 619.6 వస్తుంది. రిమ్ము అంగుళం పెరిగినా చక్రం ఎత్తులో తేడా రెండు మిల్లీమీటర్లే.

మన యువకుడి 205/40 ఆర్17 లెక్క వేరు. పక్క గోడ 82 మిల్లీమీటర్లే. మొత్తం ఎత్తు 596కు పడిపోయింది. అంటే నాలుగు శాతం తక్కువ. కారు నేలకు 13 మిల్లీమీటర్లు దిగింది. మీటరు 100 చూపుతున్నప్పుడు అసలు వేగం 96. తిరగని కిలోమీటర్లకు కూడా మీటరు తిరుగుతుంది కనుక సర్వీసు ముందే వస్తుంది, అమ్మబోతే ధర తగ్గుతుంది. వేగం కోసం పెట్టిన ఖర్చుకు దక్కిన ఫలం ఇది.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి గోతిలో బయటపడింది. రాయి తగిలినప్పుడు దెబ్బను మింగేది టైరు లోపలి గాలి, పక్క గోడ. ఆ గోడ ఒకటిన్నర అంగుళాలు తగ్గితే దెబ్బ నేరుగా రిమ్ముకు చేరుతుంది. లోపలి దారాలు తెగితే బుడగ లేస్తుంది. బుడగ లేచిన టైరుకు ప్యాచి వేసి నడపడమంటే చావును పక్క సీటులో కూర్చోబెట్టుకోవడమే.

సైజు పక్కన మరో అంకె, ఒక అక్షరం వుంటాయి. 88హెచ్ అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదు, గంటకు 210 కిలోమీటర్ల వేగం తట్టుకుంటుంది. 205/40లో సాధారణంగా దొరికేది 84డబ్ల్యు. వేగం 270 దాకా పెరిగింది కానీ బరువు 500కు తగ్గింది. పిడుగురాళ్ళ రోడ్డు మీద 270 ఎవరికి కావాలి? పైగా అలాంటి టైరు మీద "ఎక్స్ఎల్" అని వుంటే, రాసినంత బరువు మోయడానికి గాలి ఎక్కువ పట్టించాలి. ఈ యువకుడు పాత టైర్ల లెక్కనే గాలి పట్టిస్తూ వచ్చాడు. రిమ్ము వంగడానికి సగం కారణం అదేనని దుకాణదారు అభిప్రాయం.

దీనికి తిరగబడిన పొరపాటు పల్లెల్లో ఎక్కువ. స్పీడు బ్రేకర్లకు కింద తగులుతున్నదని అదే 15 రిమ్ము మీద 205/65 వేయిస్తారు. అప్పుడు చక్రం నాలుగు శాతం పెరుగుతుంది. మీటరు 100 అంటే అసలు వేగం 104. అయిదుగురు ఎక్కి స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు మడ్డుగార్డు లోపల రాసుకునే ప్రమాదం వుంది.

మరి నిజంగా పట్టు కావాలనుకునేవాళ్ళు ఏం వేయించాలి? వున్న రిమ్ము మీదే 195/60 ఆర్15 88హెచ్ వేయించవచ్చు. ఎత్తు ఒక్క శాతం తగ్గుతుంది, మోసే బరువు మారదు. అయితే రిమ్ము వెడల్పు కనీసం అయిదున్నర అంగుళాలు వుండాలి. రిమ్ము మీదే "5.5జె" అని పోత పోసి వుంటుంది. అలాయ్ చక్రాల కోరిక తీరనివాళ్ళకు 195/55 ఆర్16 వుంది. ఎత్తులో మిల్లీమీటరు తేడా కూడా రాదు. మోసే బరువు 545 కిలోలు. మన రోడ్లకు అంతకు మించి పోకపోవడమే మంచిదని ఈ విలేఖరి అభిప్రాయం. కొత్త రిమ్ము బోల్టు రంధ్రాల వృత్తం కంపెనీదే కావాలి. స్విఫ్ట్‌కు నాలుగు బోల్టులు, 100 మిల్లీమీటర్లు. చక్రం బయటికి పొడుచుకు వచ్చే రిమ్ము చూడడానికి బాగుంటుంది, బేరింగులకు బాగుండదు.

నిజానికి పట్టు వెడల్పులో కంటె రబ్బరులో వుంటుంది. మెత్తటి రబ్బరు రోడ్డును కరుచుకుంటుంది, త్వరగా అరుగుతుంది. కొన్ని టైర్ల మీద "ట్రెడ్‌వేర్" అని అంకె వుంటుంది. 200 వున్నది పట్టుకు, 400 పైన వున్నది మన్నికకు అని స్థూలంగా అనుకోవచ్చు. పట్నం వెళ్ళి వచ్చే కారుకు రెండోదే మేలు. "డాట్" అక్షరాల వరసలో చివర నాలుగంకెలు కూడా చూడండి. 3223 అంటే 2023లో 32వ వారం తయారైన టైరు. ఏళ్ళ తరబడి గోడౌనులో పడివున్న టైరును కొత్తదని అంటగడితే ఆ నాలుగంకెలే సాక్ష్యం.

పందెపు కార్లకు నున్నటి టైర్లుంటాయి గదా, చాళ్ళు అరిగితే పట్టు పెరుగుతుంది గదా అని వాదించే కుర్రవాళ్ళూ తగిలారు. నున్నటి టైర్లు పొడి ట్రాక్ కోసం చేసినవి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఇ పందెంలో కార్లు పరుగెత్తింది చాళ్ళున్న టైర్ల మీదే. వానలో నీటిని పక్కకు తోసేవి ఆ చాళ్ళే. వాటి మధ్య వుండే చిన్న దిమ్మెలతో టైరు సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టు. అప్పుడిక మార్చి తీరాలి.

పోర్షె 911కు వెనుక టైర్లు ముందువాటి కంటె వెడల్పు. దాని ఇంజను వెనుక వుంది, తోసేవి వెనుక చక్రాలు. ముందు చక్రాలు లాగే స్విఫ్ట్‌కు ఆ వేషం దండగ, నాలుగూ ఒకే సైజు వుండాలి. రెండే కొత్తవి కొనగలిగితే వాటిని వెనుక వేయించాలి. చాలామంది ముందు వేయిస్తారు. వానలో వెనుక చక్రాలు జారితే కారును అదుపు చేయడం మామూలు డ్రైవరు వల్ల కాదు.

రెంటచింతల ఎండ సంగతి జిల్లావాసులకు చెప్పనక్కరలేదు. గాలి తక్కువైన టైరు లోలోపల నలిగి వేడెక్కుతుంది. ఆ వేడికి రోడ్డు వేడి తోడైతే పేలుతుంది. డ్రైవరు తలుపు దగ్గర కంపెనీ అంటించిన చీటీలో ఎంత గాలి పట్టించాలో వుంటుంది. వారానికొకసారి, బండి చల్లగా వున్నప్పుడు చూపించుకోవాలి. నైట్రోజను పేరుతో డబ్బు తీసుకునే చోట ఒక సంగతి గుర్తుంచుకోండి. మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్ళు నైట్రోజను.

ఎర్ర కారు యువకుడు పాత రిమ్ములను ఇంకా అమ్మలేదు. ఇంటి వెనుక ధాన్యం బస్తాల పక్కన పడివున్నాయట. సాయంత్రానికి ఆటోలో వేసుకుని వచ్చి దుకాణంలో దించాడు. నాలుగు టైర్లలో రెండింటికి ఇంకా చాళ్ళు వున్నాయి. మిగిలిన రెండూ కొత్తవి తీసుకున్నాడు. వెనుక వేయమని తనే చెప్పాడు.